సెనేటర్ నోట ఆర్విడ్ గొంతు

ఐలి కొర్పెలాకు పుట్టుకతో వచ్చిన విద్య ఒకటుంది. ఎవరి గొంతయినా రెండుసార్లు వింటే చాలు, మూడోసారి అది ఆమె నోట్లోంచి వచ్చేది. గొంతొక్కటే కాదు. ఆ మనిషి ముక్కు ఎగబీల్చే తీరు, మాట మధ్యలో నీళ్లు నమిలే తీరు, నవ్వబోయి ఆపుకునే తీరు, అన్నీ అచ్చు గుద్దినట్టు దిగిపోయేవి.

కెనడాలోని థండర్ బే ఊళ్లో ఆమె ఇప్పటికి చాలా ఉద్యోగాలు మారింది. హోటల్లో తాళాలిచ్చే పని, కళ్లజోళ్ల దుకాణం, పడవల కంపెనీలో ఫోనెత్తే పని. ఎక్కడ చేరినా మొదటి వారం ఆమెకు గండమే. భోజనాల గదిలో అందరూ కబుర్లాడుకుంటూ తింటుంటే ఎవరి పక్కన కూర్చోవాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో తెలిసేది కాదు. కోట్లు తగిలించే చోట నిలబడి శాండ్‌విచ్ మింగేసి వచ్చేది. రెండో వారంలో ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి గొడవ చేసి వెళ్లేవాడు. అతను అటు వెళ్లగానే ఐలి ఇటు అతని గొంతు దింపేది. అంతే, ఆ రోజు నుంచి భోజనాల బల్ల దగ్గర ఆమెకొక కుర్చీ.

ఆమెకు ఒక నియమం ఉండేది. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు ఎప్పుడూ అనుకరించేది కాదు. అది తన మర్యాద అని ఆమె నమ్మకం.

డాక్టర్ ఒక్సానా పెలెక్ నడిపే జంతువుల ఆసుపత్రిలో రిసెప్షన్ పనికి చేరినప్పుడూ ఇదే జరిగింది. అక్కడ కుర్చీ ఇచ్చింది జోలీన్. కుక్కలకు స్నానాలు చేయించి జుట్టు కత్తిరించే మనిషి. నవ్విందంటే బల్ల మీద కప్పులు కదిలేవి. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి తినేవాళ్లు. ఐలి వేసే వేషాలకు జోలీన్ ఒక్కతే ప్రేక్షకురాలు, కానీ పదిమంది పెట్టు.

జోలీన్‌కు అన్నిట్లోకీ ఇష్టమైన వేషం ఆర్విడ్ లుండ్‌ది.

ఆర్విడ్ ఆ ఆసుపత్రిలో డాక్టర్ కంటే పాతవాడు. జంతువుల్ని పట్టుకోవడం, గోళ్లు తీయడం, రక్తం తీయడం అతని పని. తాటిచెట్టంత మనిషి, నెమ్మదితనంలో అతని తర్వాతే ఎవరైనా. ప్రతి మాటకు ముందు రెండుసార్లు గొంతు సవరించుకునేవాడు. అప్పుడు ముక్కులోంచి సన్నగా ఈల వచ్చేది. తర్వాత “అదేంటంటే... చూద్దాం” అని, అప్పుడు గానీ అసలు మాట ఎత్తేవాడు కాదు. ఎంత పొగరుబోతు పిల్లి అయినా అతని చేతుల్లోకి వచ్చేసరికి మెత్తబడిపోయేది. అది మందు వల్ల కాదు, అతను ఆపకుండా దాని చెవిలో గొణిగే కబుర్ల వల్ల.

ఆ చలికాలం ఆసుపత్రిలో ఒక అతిథి దిగాడు. పేరు సెనేటర్. బూడిదరంగు ఒళ్లు, ఎర్రటి తోక, అందర్నీ అనుమానంగా చూసే పసుపు కళ్లు ఉన్న చిలుక. యజమానురాలు వెర్నా సలో, బడిలో ప్రిన్సిపాల్‌గా చేసి దిగిపోయిన మనిషి. లూథరన్ చర్చిలో ఏళ్ల తరబడి పాటల బృందాన్ని నడుపుతోంది. విన్నిపెగ్‌లో ఉన్న చెల్లెలికి మోకాలి ఆపరేషన్ అయితే సాయానికి వెళుతూ, చిలుకను ఇక్కడ వదిలింది. దానికి చలిగాలి పడదని అందరికీ గట్టిగా చెప్పి వెళ్లింది. ఆసుపత్రి మొత్తంలో వెచ్చగా ఉండేది భోజనాల గదే. పంజరం అక్కడ పెట్టారు.

మిసెస్ సలో రోజూ ఫోన్ చేసేది. సెనేటర్ ఏం తిన్నాడు, ఎంత తిన్నాడు, రెట్ట ఏ రంగులో ఉంది, గట్టిగా ఉందా పలచగా ఉందా, నిన్నటి కంటే నయమా, అక్కడ మంచు పడిందా, చర్చి ముందు ఎవరైనా ఎత్తారా. ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య సూది దూరేంత సందు ఉండేది కాదు. ఐలి ఫోను చెవికి దూరంగా పట్టుకుని “అవును... అవును...” అంటూ ఇంకో చేత్తో మిగతా పనులన్నీ చేసుకునేది.

అలాంటి ఒక ఫోను అయ్యాక, ఐలి భోజనాల గదిలోకి వచ్చి జోలీన్ ఎదురుగా నిలబడింది. భుజాలు వంచింది. రెండుసార్లు గొంతు సవరించుకుంది. ముక్కుతో ఈల వేసింది.

“అదేంటంటే... చూద్దాం. వెర్నా కంటే ఈ చిలకే నయం. ఇది మధ్యమధ్యలో ఊపిరైనా పీల్చుకుంటుంది.”

జోలీన్ కుర్చీలోంచి పడబోయింది. మర్నాడు మళ్లీ చెయ్యమంది. ఆ మర్నాడు ఇంకా గట్టిగా చెయ్యమంది. మిసెస్ సలో తిరిగొచ్చేదాకా అది వాళ్ల భోజనంలో ఒక వంటకం అయిపోయింది. పంజరంలో సెనేటర్ తల పక్కకు వాల్చి, గింజలు కొరకడం మానేసి వింటూ ఉండేవాడు. వినడమే వాడి పని అన్న సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

మిసెస్ సలో వచ్చి చిలుకను తీసుకెళ్లిన వారంలోనే మళ్లీ ఆసుపత్రికి వచ్చింది. పంజరానికి బొంత చుట్టి ఉంది. ముందు గదిలో ఒకావిడ కుందేలుతో, ఒక ముసలాయన పొట్టికాళ్ల కుక్కతో కూర్చుని ఉన్నారు. మిసెస్ సలో ఒక్క ముక్క మాట్లాడకుండా పంజరాన్ని ఐలి బల్ల మీద పెట్టి బొంత తీసింది. ఆమె మాట్లాడకపోవడమే ఐలికి ముందు భయం పుట్టించింది.

సరిగ్గా అప్పుడే లోపలి తలుపు తెరుచుకుని, చంకలో లావుపాటి నారింజరంగు పిల్లితో ఆర్విడ్ బయటికి వచ్చాడు.

సెనేటర్ అతన్ని చూశాడు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఈల వేశాడు. తర్వాత మొత్తం పాఠం, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, ఆర్విడ్ గొంతుతో అప్పజెప్పాడు.

కుందేలు ఆవిడ నేల చూపులు చూసింది. ముసలాయన చెవిటి మిషను సర్దుకుని, ఎవరన్నారు అని అడిగాడు. మిసెస్ సలో ఆర్విడ్‌ను చూసి, బడిలో అబద్ధమాడి పట్టుబడ్డ పిల్లాడికి చెప్పినంత శాంతంగా చెప్పింది.

“ఇరవై ఏళ్లుగా నా బృందంలో పాడుతున్నావు ఆర్విడ్. ఆ మాటేదో నా మొహానే అని ఉండొచ్చు.”

ఆర్విడ్ నోరు తెరిచాడు. గొంతు సవరించుకున్నాడు. ముక్కులో ఈల మోగింది. అది విని ముసలాయన, ఓహో ఈయనేనా అన్నట్టు తలూపాడు. ఆర్విడ్ నోరు మూసేశాడు.

ఐలి కీబోర్డు వైపు చూస్తూ ఉండిపోయింది. చెవులు కాలిపోతున్నాయి. చెప్పాల్సిన మాట నాలుక కొసన ఉంది. ఇప్పుడు కాదు, ఇంతమందిలో కాదు, అందరూ వెళ్లాక చెబుదాం అనుకుంది. అందరూ వెళ్లేసరికి ఆర్విడ్ డాక్టర్ గదిలో ఉన్నాడు. అక్కణ్ణించి బయటికి వచ్చి, నేరుగా ఐలి బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“అదేంటంటే... నేనా మాట అన్లేదనే అనుకుంటున్నా ఐలి. కానీ గొంతు నాదే, నువ్వూ విన్నావుగా. పైగా అబద్ధం ఎందుకు, మనసులో అలా చాలాసార్లు అనుకున్నా. పంజరం కడిగేటప్పుడు నాకు తెలీకుండా బయటికి వచ్చేసిందేమో.”

తను చెయ్యని తప్పును అంత కష్టపడి తనలో వెతుక్కుంటున్న మనిషిని ఐలి ఇంతకు ముందు చూడలేదు. జాలి వేసింది, సిగ్గు వేసింది, అయినా నోరు పెగల్లేదు. సాయంత్రం జోలీన్ కుక్క జుట్టు ఊడుస్తూ, ఊరుకుంటే నాలుగు రోజుల్లో అదే చల్లారిపోతుందనీ, కదిపితే ఇద్దరి ఉద్యోగాల మీదికీ వస్తుందనీ చెప్పింది. చిలక సాక్ష్యం ఎక్కడా చెల్లదని ధైర్యం కూడా ఇచ్చింది. ఐలికి ఆ ధైర్యం ఇంటిదాకా కూడా నిలవలేదు.

అది చల్లారలేదు సరికదా, ఇంకా రాజుకుంది. ఆర్విడ్ ఆదివారం స్వయంగా యాలకుల రొట్టె చేసి మిసెస్ సలో ఇంటికి తీసుకెళ్లి, అనని మాటకు క్షమాపణ చెప్పుకుని వచ్చాడు. ఆవిడ రొట్టె తీసుకుంది, ఈస్టర్ పండక్కి అతను ఒంటరిగా పాడాల్సిన పాట వెనక్కి తీసుకుంది. ఆసుపత్రిలో ముందు గది బాధ్యత మొత్తం ఒకరికి అప్పగించాలని డాక్టర్ పెలెక్ శరదృతువు నుంచీ అనుకుంటోంది. అది ఆర్విడ్‌కేనని అందరికీ తెలుసు. ఆ వారం ఆమె ఐలిని పిలిచి, ఆ బాధ్యత నీకిస్తున్నానని చెప్పింది. వచ్చినవాళ్లతో ఎలా మాట్లాడాలో తెలిసిన మనిషి కావాలట. ఐలి థాంక్యూ అంది. ఆ మాట తన గొంతే అయినా ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు వినబడింది.

ఇంకోటి జరిగింది. ఆర్విడ్ గొణగడం మానేశాడు. పిల్లులకు కబుర్లు చెప్పడం లేదు. కుక్క చెవిలో ఊసులు లేవు. పెదవులు బిగించి, మౌనంగా పట్టుకుని, మౌనంగా గోళ్లు తీస్తున్నాడు. జంతువులకు అది నచ్చలేదు. ఎప్పుడూ అతని భుజం మీద నిద్రపోయే నారింజరంగు పిల్లి ఒక రోజు మణికట్టు మీద బారున గీరేసింది. ఐలి కట్టు కడుతూ, దీనికేమైందని అడిగింది.

“దానికేం కాలేదు,” అన్నాడు ఆర్విడ్. “నేనే మాట్లాడ్డం లేదు. నోరు తెరిస్తే ఏం వస్తుందో నాకే తెలీదుగా ఇప్పుడు.”

ఐలి కట్టు సగంలో వదిలేసి డాక్టర్ గదిలోకి నడిచింది. కట్టు ఆర్విడే ఇంకో చేత్తో చుట్టుకోవాల్సి వచ్చింది.

డాక్టర్ పెలెక్ సూక్ష్మదర్శినిలో ఏదో చూస్తోంది. ఐలి నిలబడే ఉండి మొదటి నుంచి చివరిదాకా చెప్పేసింది. జోలీన్ పేరు ఎత్తలేదు. డాక్టర్ మెల్లగా తలెత్తి, కళ్లజోడు తీసి, ఎంతో ఆప్యాయంగా చూసింది. ఆర్విడ్ కోసం నింద నెత్తినేసుకుంటున్నావు, నీది చాలా మంచి మనసు, కానీ ఇలాంటి వాటిలో అబద్ధం పనికిరాదు అని నచ్చజెప్పింది. ఆ రోజు ఆ గొంతు తన గదిలోంచి తను కూడా విందట, ఆడవాళ్లకు వచ్చే గొంతు కాదట.

ఐలి తలుపు దాకా వచ్చింది. ఒంట్లో హాయిగా ఉంది. నిజం చెప్పింది, ఎదుటివాళ్లు నమ్మలేదు, ఇంకేం చెయ్యగలదు ఎవరైనా? పైగా మంచి మనసు అన్న పేరు కూడా వచ్చింది. ఆ హాయి చూసే ఆమెకు భయం వేసింది. తలుపు పిడి వదిలి, డాక్టర్ వైపు తిరిగి, గొంతు సవరించుకుంది.

“అదేంటంటే... చూద్దాం. డాక్టర్, ఆ పిల్లికి ఇంకో సూది కావాలా?”

డాక్టర్ పెలెక్ ఆమె వెనక ఆర్విడ్ కోసం చూసింది. అక్కడ ఎవరూ లేరు. మళ్లీ ఐలిని చూసింది. కాసేపు కళ్లజోడు కొనతో బల్ల మీద కొడుతూ కూర్చుంది. చివరికి, ఇది ముందు చెప్పాల్సింది నాకు కాదని మాత్రం అంది.

ఆర్విడ్ వెనక గదిలో తువ్వాళ్లు మడతపెడుతున్నాడు. ఐలి ఇంకో తువ్వాలు తీసుకుని మడతపెడుతూ చెప్పింది, మొహం చూడక్కర్లేకుండా. అతను మొత్తం విన్నాడు. ఒకసారి చేసి చూపించమన్నాడు.

చాటుగా అన్నిసార్లు అలవోకగా వచ్చిన గొంతు ఎదురుగా రానంది. మొదటిసారి కీచుమంది. రెండోసారి దగ్గు వచ్చింది. మూడోసారి వచ్చింది, సవరింపు, ఈల, చిలకే నయం, ఊపిరి, అన్నీ.

ఆర్విడ్ తువ్వాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

“నా ముక్కు అలా కూస్తుందా?”

“కూస్తుంది.”

“మా ఆవిడ పెళ్లయిన కాణ్ణించీ చెప్తోంది. నేను పొయ్యి మీద కెటిల్ అనుకుంటూ వచ్చా.” అతని భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని ఐలికి ఊపిరి వచ్చింది. కానీ అతను మళ్లీ తువ్వాలు చేతిలోకి తీసుకునేసరికి ఆ నవ్వు లేదు. “నువ్వు నన్ను ఎగతాళి చేస్తే నాకేం కాదు ఐలి. బాగా చేశావు కూడా. కానీ ఇన్ని రోజులు నా నోటిని నేనే నమ్మలేదు. నువ్వు చూస్తూ కూర్చున్నావు. అదొక్కటే నాకు మింగుడు పడ్డంలేదు.”

ఐలి క్షమించమంది. అతను సరే అనలేదు, కాదనలేదు. మిగతా తువ్వాళ్లు ఇద్దరూ కలిసి మడతపెట్టారు. వెళ్లే ముందు, వెర్నా ఇంటికి నేనూ వస్తాను, నువ్వొక్కదానివే వెళితే ప్రాణాలతో రావని అన్నాడు.

శనివారం వెళ్లారు. ఆర్విడ్ రొట్టె పట్టుకున్నాడు, ఐలి వట్టి చేతులతో వెనకే నడిచింది. మిసెస్ సలో కాఫీ పోసి, ఎదురుగా కూర్చుని, చివరిదాకా అడ్డు రాకుండా విన్నది. సెనేటర్ పంజరంలోంచి మధ్యలో ఒకసారి గొంతు సవరించుకున్నాడు. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. వాడు మనసు మార్చుకుని గింజ కొరికాడు.

“నేను నిజంగా ఊపిరి పీల్చుకోకుండా మాట్లాడతానా?” అని అడిగింది ఆవిడ.

ఐలికి మామూలుగా అయితే అలాంటి ప్రశ్నకు జవాబు తేలిక. అబ్బే, అదేం లేదండీ అనేస్తుంది. ఆ అబ్బే పెదవుల దాకా వచ్చింది కూడా.

“ఫోన్లో పీల్చుకోరండి. ఎదురుగా అయితే కొంచెం నయం.”

ఆర్విడ్ కాఫీ కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. మిసెస్ సలో ఐలిని పైనుంచి కిందికి చూసింది.

“మా ఆయన పోయాక ఇంట్లో నా గొంతు, వీడి గొంతు తప్ప వేరేది లేదు. ఎవరైనా దొరికితే ఆపడం చేతకావట్లేదు నాకు.” ఆ మాట అని, ఆవిడే దాన్ని పక్కకు నెట్టేసింది. “సరే. వీడికి నేర్పిన మాట మరిపించడం ఎవరి తరమూ కాదు. కొత్తవి నేర్పుతూ పోతే పాతవి తగ్గుతాయి. నువ్వే నేర్పావు కాబట్టి నువ్వే వచ్చి నేర్పు. శనివారాలు. ఇంకోటి, నా బృందంలో కింది స్థాయిలో పాడే ఆడవాళ్లు చాలట్లేదు. ఇన్ని గొంతులున్నాయిగా నీ దగ్గర, ఒకటి మాకు పారెయ్.”

ఇది అడగడం కాదని ఐలికి అర్థమైంది. ఆర్విడ్‌కు ఈస్టర్ పాట తిరిగి వచ్చింది. సోమవారం ముందు గది బాధ్యత కూడా అతనికే వచ్చింది. డాక్టర్ ఐలిని ఉద్యోగంలో ఉంచింది గానీ, ఎందుకు ఉంచిందో చెప్పలేదు. ఆ చెప్పకపోవడం ఐలిని చాలాకాలం అదుపులో పెట్టింది.

పాటల సాధన తనకు ఆటే అనుకుని వెళ్లింది ఐలి. మొదటి రోజే మిసెస్ సలో తాళం చూపించే కర్ర ఎత్తి ఆపేసింది. నువ్వు పాడుతున్నది నీ పక్కనున్న హెల్వి గొంతు, నీది పాడు అంది. ఐలి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఇటు పక్కావిడ గొంతు వచ్చింది. బృందమంతా నవ్వింది, ఐలి కూడా నవ్వింది. కానీ ఇంటికి వెళ్లాక స్నానాల గదిలో నిలబడి తన గొంతు ఏదో వెతుక్కుంది. దొరికింది చాలా మామూలుగా, కొంచెం బొంగురుగా ఉంది. పని జరుగుతుందిలే అనుకుంది.

భోజనాల గదిలో వ్యవహారం మాత్రం తేలిగ్గా సాగలేదు. ఎవరి గురించైనా సరే, వాళ్లు వింటుంటే అనలేని మాట వాళ్లు లేనప్పుడు అనకూడదని ఐలి ఒట్టు పెట్టుకుంది. పెట్టుకున్నాక తెలిసింది, తన దగ్గర వేరే మాటలే లేవని. నాలుక దురద పెట్టినప్పుడల్లా గులాబీరంగు పూత పూసిన ‘పర్షియన్’ అనే ఆ ఊరి తీపి బన్ను ఒకటి నోట్లో కుక్కుకునేది. వసంతం వచ్చేసరికి ప్యాంటు గుండీ పట్టడం మానేసింది. తను పేరు చెప్పకుండా కాపాడినా జోలీన్ కొన్నాళ్లు మూతి ముడుచుకునే ఉంది. ఆట ఆపేసినందుకు కోపం. మాటల్లేని భోజనం భరించలేక చివరికి ఐలి ఒక ప్రశ్న అడిగింది, నిన్న సాయంత్రం ఏం చేశావని. జోలీన్ తన గ్యారేజీలో మంచు మీద నడిపే పాత స్నోమొబైల్ బండి ఇంజను విప్పి కూర్చున్నానని చెప్పింది. అంతకాలం ఎదురెదురుగా తిన్నారు గానీ ఆమెకు ఇంజన్లు విప్పడం వచ్చని ఐలికి తెలియదు. ఆ మధ్యాహ్నమంతా పిస్టన్ల గురించే విన్నది. సగం అర్థం కాలేదు, విసుగూ రాలేదు.

ఆర్విడ్ పిల్లులతో మళ్లీ కబుర్లు మొదలుపెట్టాడు. ఐలితో మామూలుగా మాట్లాడటానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. వేసవి మొదట్లో ఒక రోజు, తనంత తానే వచ్చి, ఫోన్లో ఒకాయన తిడుతున్నాడు, నువ్వయితే ఓపిగ్గా మాట్లాడతావు, కాస్త తీసుకుంటావా అని అడిగాడు. ఐలి ఫోను తీసుకుంది. ఆయన కుక్క రాత్రంతా ఏడ్చిందట, తిట్లన్నీ నిద్రలేక. ఐలి ఆయన్ని కుదుటపరిచి ఫోను పెట్టేసింది. ఆ గొంతు అద్భుతమైన గొంతు, రంపంతో రేకు కోసినట్టుంది. ఆర్విడ్, జోలీన్ ఇద్దరూ ఆశగా ఆమె మొహం చూశారు.

“పాపం, కుక్కకి చెవి నొప్పట,” అంది ఐలి. “రేపు పొద్దున్నే తెస్తాడు.”

“అంతేనా?” అన్నాడు ఆర్విడ్, దిగులుగా.

అంతే కాదని ఐలికి తెలుసు. ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళుతూ, కారు అద్దాలు పూర్తిగా ఎత్తేసి, ఆ రంపం గొంతును తనివితీరా వదిలింది. తర్వాత దారిపొడుగునా ఒకరి వెనక ఒకర్ని, ఆ వారం పోగైనవాళ్లందర్నీ. వినేవాళ్లు ఎవరూ లేని చోట పాపం లేదని ఆమె లెక్క. మెమోరియల్ అవెన్యూ మీద ఎర్రలైటు పడింది. కారు ఆగింది గానీ ఐలి ఆగలేదు. కనుబొమలు పైకి లాగి, గడ్డం లోపలికి నొక్కి, చేతిలో లేని కళ్లజోడును గాల్లో ఊపుతూ స్టీరింగుకు గట్టిగా చీవాట్లు పెడుతోంది. పక్క వరసలో ఎవరో తన్నే చూస్తున్నట్టు అనిపించి తిరిగింది.

పక్క కారులో డాక్టర్ పెలెక్. ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు. అద్దం దించమని చేత్తో సైగ చేసింది. ఐలి దించింది.

“ఎవరది?” అని అడిగింది డాక్టర్.

అబద్ధం చెబుదామంటే ఐలి నోట్లో ఊరంత మంది పేర్లున్నాయి.

“మీరే డాక్టర్,” అంది.

పచ్చలైటు పడింది. వెనకవాళ్లు హారన్లు కొడుతున్నారు. డాక్టర్ పెలెక్ కదల్లేదు. కనుబొమలు పైకి లేచాయి, గడ్డం లోపలికి వెళ్లింది.

“రేపు పొద్దున నా గదికి రా,” అంది. “మొదటి నుంచి చూడాలి.”